తరిమెన ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కర్రను తిప్పుతూ చెక్కే పనిని పాతవాళ్లు తరిమెన పట్టడం అనేవాళ్లు. ఇప్పుడు అందరం లేత్ అనే అంటున్నాం. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రెండే విషయాల చుట్టూ తిరుగుతున్నాయి: కర్రలో నార ఎటు పోతున్నది, తడి ఎంత ఉన్నది. అందుకే ఆ రెంటికి సంబంధించిన జవాబులకు ఎక్కువ చోటిచ్చాం.

టేకుతో కుంకుమ భరిణెలు చేస్తున్నాను. మే నెలలో మూత చక్కగా కూర్చున్నది, ఆగస్టు వచ్చేసరికి బిగుసుకుపోయింది. ఒకదానికి మూత లాగబోతే అంచే విరిగింది. కర్ర కొత్తది కాదు, పాత ఇంటి దూలం. ఇంకా ఎండలేదంటారా?
— హనుమకొండ

ఎండింది. కానీ ఎంత పాత కర్రయినా గాలిలోని తడిని పీల్చడం, వదలడం మానదు. మే నెల ఎండలకు టేకులో తడి 7, 8 శాతానికి దిగుతుంది. ముసురు పట్టిన ఆగస్టులో 14 శాతం దాకా ఎక్కుతుంది. ఆ తేడాకు నార పొడవు దాదాపు మారదు. మారేది అడ్డకొలత. అందులోనూ రెండు లెక్కలున్నాయి. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంబడి 5 శాతం పైచిలుకు, మధ్య నుంచి బెరడు వైపు దాదాపు 2.5 శాతం కుంచించుకుపోతుంది. తడి ఎక్కినప్పుడు అదే నిష్పత్తిలో ఉబ్బుతుంది. మీ భరిణె మూతి 50 మి.మీ. అనుకుంటే, వానాకాలానికి ఒక దిక్కు అర మిల్లీమీటరు, దానికి అడ్డదిక్కు పావు మిల్లీమీటరు పెరుగుతుంది. అంటే మీరు గుండ్రంగా తీసిన మూతి కోలగా మారుతుంది.

మూత, గిన్నె ఒకే ముక్కలోంచి తీసి, నార మీద నార కలిసేట్టు పెడితే రెండూ ఒకే దిక్కుకు కోలగా సాగుతాయి కాబట్టి బాధ ఉండదు. మూతను పావు చుట్టు తిప్పి పెట్టినప్పుడే గిన్నె వెడల్పయిన చోట మూత ఇరుకై పట్టేస్తుంది. అందుకే ముక్కను రెండుగా కోసే ముందే కోత పడే చోటికి అటూ ఇటూ సాగేలా పెన్సిల్‌తో నిలువు గీత పెట్టుకోండి. పని ముగిశాక ఆ గీత ఉన్న చోట చిన్న చుక్కో, సన్నని గాటో శాశ్వతంగా ఉంచండి. వాడేవాళ్లకు మూత ఎట్లా పెట్టాలో తెలియాలి కదా.

చేసే వరస ఇది. 2.5 అంగుళాల చదరం, 5 అంగుళాల పొడవు ముక్క తీసుకోండి. నార లేత్ ఇరుసు వెంబడే ఉండాలి. రెండు కొసల మధ్య బిగించి గుండ్రం చేసి, రెండు చివర్లా చక్ (కర్రను దవడలతో బిగించి పట్టే భాగం) పట్టడానికి 6 మి.మీ. పొడవు బుడిపెలు తీయండి. బుడిపె మొదట్లో మెట్టు చదునుగా ఉంటేనే చక్ దవడలు నిటారుగా ఆనుతాయి. సన్నని పార్టింగ్ ఉలితో మూత భాగం 2 అంగుళాల దగ్గర కోసి విడదీయండి. రెండింటినీ లోపల తొలిచి, గోడ 8 మి.మీ. మందం ఉండగానే ఆపేయండి. అప్పుడు ఇంట్లో నీడపట్టున 3, 4 వారాలు వదిలేయండి. లోపలి కర్ర బయటపడ్డాక పాత దూలం కూడా కదులుతుంది, ఆ కదలిక ఇప్పుడే అయిపోవాలి. చాలామంది వదిలేస్తున్న మెట్టు ఇదే.

తర్వాత ముందు మూత పూర్తి చేయండి. మూతి లోపలి గోడ 6 మి.మీ. లోతు వరకు నిట్టనిలువుగా ఉండాలి. లోపలికి పోనుపోను ఇరుకైతే మూత ఎగదన్నుకుని వస్తుంది. గిన్నెకు తీసే కంఠం, అంటే మూతలోకి దూరే భాగం, 4 మి.మీ. ఎత్తు చాలు. కంఠం ఎంత పొడవుంటే ఉబ్బినప్పుడు అంత పట్టేస్తుంది. మొదట కంఠాన్ని బిగువుగా ఉంచి, మూతను దాని మీదే నొక్కి పెట్టి, మూత నెత్తి చెక్కి పాలిష్ చేయండి. ఆ పని అయ్యాకే 240 నంబరు ఎమరీ కాగితంతో కంఠాన్ని 0.2 నుంచి 0.3 మి.మీ. వదులు చేయాలి. మే నెలలో చేసేవాళ్లు 0.3కు తగ్గకండి. కాగితం రాపిడికి కర్ర వేడెక్కి ఉంటుంది కాబట్టి చల్లారాకనే మూత పెట్టి చూడాలి.

ఇంకొకటి. టేకు రంధ్రాల్లోకి కుంకుమ దిగితే ఇక పోదు. లోపల కూడా చపడా లక్క మూడు పూతలు వేయండి. లోపల పూత లేకుండా బయట మాత్రమే వేస్తే తడి ఒక వైపు నుంచే ఎక్కి గోడ మెలిపడుతుంది కూడా.

ఇప్పటికే బిగుసుకున్న వాటిని లాగకండి. ఒక రోజంతా 100 వాట్ల బల్బుకు అడుగు దూరంలో పెట్టి, తర్వాత మెల్లగా తిప్పండి. నారలు కలిసే చోటికి రాగానే మూత దానంతటదే వదులవుతుంది.

గాలివానకు పెరట్లో వేప చెట్టు పడింది. మాను 12 అంగుళాల లావు. గిన్నెలు చేద్దామని 4 అంగుళాల మందాన బిళ్లలుగా కోసి ఎండలో పెట్టాను. పది రోజుల్లో అన్నీ నడిమి నుంచి అంచు దాకా పర్రెలు బారాయి.
— మంచిర్యాల

అడ్డంగా కోసిన బిళ్ల పగలకుండా ఎండడం అరుదు. పై జవాబులో చెప్పిన లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. చుట్టుకొలత ఎక్కువ కుంచించుకుంటుంది, నడిమి నుంచి అంచు దాకా ఉన్న దూరం తక్కువ కుంచించుకుంటుంది. చుట్టుకొలత తగ్గినంత నడుము తగ్గదు కాబట్టి బిళ్ల ఎక్కడో ఒకచోట చీలి తీరాలి. దానికి తోడు ఎండ. అడ్డకోత నుంచి తడి పక్కల నుంచి కన్నా ఎన్నో రెట్లు వేగంగా పోతుంది.

మిగిలిన మానుతో ఇట్లా చేయండి. మాను లావుకు 2 అంగుళాలు కలిపి అంత పొడవు దుంగలు కోయండి, అంటే 14 అంగుళాలు. కోసిన రోజే రెండు కొసలకూ కరిగించిన మైనం గాని, మిగిలిపోయిన గోడ రంగు గాని రెండు పూతలు దట్టంగా పట్టించండి. తర్వాత దుంగను నట్టనడుమ బెండు గుండా నిలువునా రెండుగా చీల్చి, బెండుకు అటూ ఇటూ అర అంగుళం చొప్పున తీసి పారేయండి. ఆ బెండు గిన్నెలో మిగిలితే అక్కడి నుంచే నెర్రె మొదలవుతుంది. ఒక్కో సగంలో ఒక గిన్నె వస్తుంది. మూతి చీల్చిన వైపు, అడుగు బెరడు వైపు వచ్చేలా పెట్టుకోవడం మామూలు పద్ధతి.

పచ్చిగా ఉండగానే లేత్ మీద మొరటుగా చెక్కండి. గోడ మందం గిన్నె అడ్డకొలతలో పదో వంతు ఉండాలి. 9 అంగుళాల గిన్నెకు సుమారు 23 మి.మీ. ఎందుకంత అంటే, ఎండేలోపు నారకు అడ్డంగా 5 శాతం తగ్గినా 11 మి.మీ. పోతుంది, నార వెంబడి ఏమీ తగ్గదు. ఆ కోలగిన్నెను మళ్లీ గుండ్రం చేయడానికి రెండు వైపులా కర్ర మిగలాలి. అడుగు కన్నా గోడ మందంగా ఉన్నా, గోడ కన్నా అడుగు మందంగా ఉన్నా ఎండడంలో తేడా వచ్చి పగులుతుంది. మందం అంతటా ఒకటే ఉంచండి. చక్ పట్టే బుడిపె కూడా కోలబోతుంది కాబట్టి దాన్ని కావాల్సిన దానికన్నా పావు అంగుళం లావుగానే వదలండి.

తర్వాత కాగితంలో చుట్టి గోనె సంచిలో, గాలి నేరుగా తగలని గదిలో పెట్టండి. వంటింటి త్రాసులో తూచి బరువు, తేదీ అడుగున పెన్సిల్‌తో రాయండి. వారానికోసారి తూచండి. వానాకాలంలో కాగితం చెమ్మగిల్లితే మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. వరసగా నాలుగు వారాలు బరువు మారకపోతే ఎండినట్టే. ఈ మందానికి 3 నుంచి 6 నెలలు పట్టొచ్చు.

పర్రెలు బారిన బిళ్లలను పొయ్యిలో పెట్టకండి. పర్రెకూ పర్రెకూ మధ్య ముక్కలు నిలువునా చీలిస్తే బొంగరాలకు, ఉలి పిడులకు పనికొస్తాయి.

ఇదే ప్రశ్న మామిడి గురించి జమ్మికుంట నుంచి కూడా వచ్చింది. పద్ధతి ఒకటే, తొందర మాత్రం ఇంకా ఎక్కువ. మామిడి పచ్చిదుంగ వానాకాలంలో రెండు మూడు వారాలు పడి ఉంటే నీలిమచ్చ పడుతుంది, పుచ్చు పురుగు కూడా చేరుతుంది.

చపాతీ కర్రలు చేస్తున్నాను. 15 అంగుళాల పొడవు, అంగుళంపావు లావు. నడుమ భాగంలో మర చుట్టినట్టు గీతలు పడుతున్నాయి. స్క్యూ ఉలితో (అంచు ఏటవాలుగా ఉండేది) తీసేద్దామంటే ఉలి కొరికి పట్టుకుని కర్రలో లోతుగా గాటు పడుతున్నది.
— జనగామ

ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

మర గీతలు కర్ర వణకడం వల్ల వస్తాయి. పొడవు లావుకు పది రెట్లు దాటితే నడుమ ఊగడం మొదలవుతుంది. మీది పన్నెండు రెట్లు. మొదట టెయిల్‌స్టాక్, అంటే కర్ర రెండో కొసను ఆపే భాగం, బిగువు చూడండి. ఎక్కువ బిగిస్తే కర్ర విల్లులా వంగి తిరుగుతుంది. జారకుండా పట్టుకునేంత బిగువు చాలు. తర్వాత ఉలి పదును. మొద్దు ఉలి కోయదు, కర్రను తోస్తుంది. అప్పటికీ పోకపోతే వేగం కొంచెం పెంచో తగ్గించో చూడండి, వణుకు ఒక్కో వేగం దగ్గరే వస్తుంది. ఎడమచేతి బొటనవేలు ఉలి మీద ఉంచి, మిగతా వేళ్లు కర్ర వెనుక తేలిగ్గా ఆనించండి. వేళ్లకు వేడి తగిలితే ఎక్కువ నొక్కుతున్నట్టు. చతురస్రంగా ఉన్నప్పుడు మాత్రం చేయి దగ్గరకు తేవద్దు, పూర్తిగా గుండ్రమయ్యాకే.

ఇక ఉలి కొరకడం. స్క్యూ మూతికి పైన పొడవు మొన, కింద పొట్టి మొన ఉంటాయి. నునుపు చేసేటప్పుడు కోత మూతి కింది సగంలోనే జరగాలి. నడుము దాటి పై మొన వైపు పోయిందా, ఆ మొన కర్రలోకి దిగి ఉలిని లోపలికి లాక్కుంటుంది. టూల్ రెస్ట్‌ను (ఉలి ఆనించే దిమ్మను) కర్రకు రెండు సూతులు, అంటే పావు అంగుళం దూరంలో, కర్ర నడిమి ఎత్తు కన్నా కొంచెం పైన పెట్టండి. ముందు ఉలి వాలు మాత్రమే కర్రకు ఆనాలి, అంచు తెగకూడదు. అట్లా వాలు రుద్దుకుంటూ ఉండగా పిడిని మెల్లగా పైకెత్తండి. అంచు దానంతటదే కోతకు వస్తుంది. ముందే అంచు ఆనించి మొదలుపెట్టేవాళ్లకే గాట్లు పడతాయి. కోత ఎప్పుడూ లావు నుంచి సన్నం వైపుకే సాగాలి. సన్నం నుంచి లావుకు ఎక్కితే నార కొసలు ఎదురై లేస్తాయి.

అప్పటికీ ఒక పక్క నునుపుగా, మరో పక్క గరుకుగా వస్తే తప్పు మీ చేతిది కాదు, ముక్కది. రంపం కోసిన ముక్కలో నార ఏటవాలుగా ఉండొచ్చు. పొడవాటి సన్నని పనికి గొడ్డలితో చీల్చిన ముక్క మేలు. చీలిక నార వెంటే పోతుంది.

పాత అర హెచ్‌పీ మోటారు ఉంది. లేత్ సొంతంగా కట్టుకోవాలంటే పుల్లీలు ఎంత సైజువి వేయాలి?
— పరకాల

మోటారు ప్లేటు మీద 1440 ఆర్‌పీఎం అని ఉంటే లెక్క సులువు. మోటారు పుల్లీ సైజును లేత్ పుల్లీ సైజుతో భాగించి 1440తో గుణించండి. మోటారుకు 3, 4, 5 అంగుళాల మెట్ల పుల్లీ, లేత్‌కు వరసగా 6, 5, 4 వేస్తే 720, 1152, 1800 వేగాలు వస్తాయి. మూడు జతల్లోనూ మొత్తం 9 అంగుళాలే కాబట్టి ఒకే బెల్టు సరిపోతుంది. 3 అంగుళాల కన్నా చిన్న పుల్లీ మీద ఏ-సెక్షన్ బెల్టు జారుతుంది, త్వరగా అరుగుతుంది.

ఎంత వేగం వాడాలో తెలియడానికి ఒక కొండగుర్తు: కర్ర లావు అంగుళాల్లో తీసుకుని ఆర్‌పీఎంతో గుణిస్తే 6000, 9000 మధ్య రావాలి. 2 అంగుళాల ముక్కకు ఈ లెక్కన 3000 పైన రావాలి, అయినా మీ 1800తో పని నడుస్తుంది. 6 అంగుళాల గిన్నెకు 1152. 10 అంగుళాల పచ్చి దుంగ సమతూకం లేకుండా ఉంటుంది కాబట్టి 500 దాటకూడదు. మీ కట్టుబడికి 720 కన్నా తక్కువ లేదు గనుక అంత పెద్ద పని పెట్టుకోకండి.

25 మి.మీ. ఇరుసుకు యూసీపీ 205 బేరింగులు రెండు, 7 అంగుళాల ఎడంలో వేయండి. ఇరుసు మూతికి మర కోయించేటప్పుడు అంగుళానికి 8 పళ్ల ఒక అంగుళం మరే కోయించండి. బజారులో దొరికే చక్‌లు దానికి సరిపోతాయి. మామూలు కుడి మర కాబట్టి కర్ర పైభాగం మీ వైపుకు తిరగాలి. ఎదురు తిరిగితే చక్ ఊడి మీద పడుతుంది. బల్ల కింద ఒక ఇసుక బస్తా పెడితే వణుకు చాలా తగ్గుతుంది.

స్విచ్ గురించి గట్టిగా చెప్తున్నాం. మామూలు స్విచ్ వేస్తే కరెంటు పోయి వచ్చినప్పుడు, మీరు చక్ విప్పుతుండగా లేత్ దానంతటదే తిరుగుతుంది. బోరు మోటార్లకు వాడే స్టార్టరే, సింగిల్ ఫేజ్‌ది, పెట్టండి. కరెంటు పోగానే దాని కాయిల్ వదిలేస్తుంది, మళ్లీ పచ్చబటన్ నొక్కితే తప్ప తిరగదు. ఆటో స్టార్టర్ తగిలిస్తే ఆ రక్షణంతా పోతుంది.

పొనికి కర్ర లేత్ మీద పడుతుందా? ఏటికొప్పాక బొమ్మలకుండే లక్క మెరుపు దాని మీద రాదెందుకు?
— నిర్మల్

పొనికి బహు మెత్తన, బహు తేలిక. ఉలితో చెక్కి, చింతగింజల జిగురు పట్టించి, రంగులేసే నిర్మల్ బొమ్మలకు ఆ మెత్తదనమే వరం. లేత్ మీద మాత్రం కోతకు తెగకుండా నలిగి పీచు లేస్తుంది. లక్క పనికి కర్ర గట్టిగా, రంధ్రాలు కనబడనంత సన్నగా ఉండాలి. ఏటికొప్పాకలో వాడే అంకుడు కర్రే మన అడవుల్లోని పాలకొడిశ. దొరక్కపోతే ఎండిన జామ ప్రయత్నించండి.

లక్క ఎక్కేది రాపిడి వేడికి. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని అదిమితే కరిగి పూసుకుంటుంది. అంగుళం లావు బొమ్మకు 1500 నుంచి 2000 వేగం కావాలి, తక్కువైతే వేడి పుట్టక ముక్కలు ముక్కలుగా రాలుతుంది. కర్రలో తడి ఉన్నా, చేతి నూనె అంటినా పట్టదు. 180 నంబరు కాగితంతో రుద్ది, పొడి గుడ్డతో తుడిచాక చేయి పెట్టకండి. పూత అలలుగా వస్తే కడ్డీ ఎక్కువ అదిమినట్టు. అప్పుడు గట్టి చెక్క పలకతో సమంగా పరిచి, ఎండిన మొగలి ఆకుతో అదిమి తిప్పితే అద్దంలా వస్తుంది. వేడి తగిలితే లక్క మెత్తబడుతుంది, టీ కప్పులకు వేయకండి.

పాత ఆకురాళ్లను సానబెట్టి ఉలులు చేసుకోవచ్చా?
— నర్సంపేట

అట్లాగే వద్దు. ఆకురాయి ఉక్కు గట్టిది, అంతే పెళుసు. ఉలి కొరికితే గాజులా పగిలి ముక్క ముఖానికి తగులుతుంది. బండి కమాను పట్టీ మేలు, దెబ్బకు వంగుతుందే గాని విరగదు. కమ్మరి దగ్గర కాల్చి, నీరు పట్టించి, పదును పోకుండా కొంచెం మెత్తబరచమనండి. గ్రైండర్ మీద అలాంటి ఉలి అంచు నీలంగా మారితే ఆ నీలం పోయేదాకా అరగదీయాలి, అక్కడ పదును నిలవదు. కొద్దికొద్దిగా ఆనిస్తూ నీళ్లలో ముంచుతూ ఉండండి. హైస్పీడ్ స్టీలు ఉలిని మాత్రం కాలినప్పుడు నీళ్లలో ముంచకండి, సన్నని పగుళ్లు వస్తాయి.

కర్రను చదరం నుంచి గుండ్రం చేసే వెడల్పాటి గౌజ్ ఉలితో గిన్నెలు తొలవవద్దు. పిడిలోకి పోయే దాని తోక సన్నం, గిన్నెలో కొరికితే అక్కడే విరుగుతుంది.

పిల్లలకు బొంగరం చేస్తే వణుకుతున్నది.
— హుజూరాబాద్

మేకు నడుమ లేదు. లేత్ మీద ఉండగానే టెయిల్‌స్టాక్ వైపు నుంచి రంధ్రం వేయండి. 4 మి.మీ. మేకుకు 3.5 మి.మీ. రంధ్రం, లేకపోతే కర్ర చీలుతుంది. మేకు బయటికి 10 మి.మీ. చాలు, పొడవైతే త్వరగా ఒరిగిపోతుంది. తుమ్మ చేవ, రేగు రెండూ దెబ్బకు ఆగుతాయి.

పప్పుగుత్తికి, గరిటెలకు ఏ నూనె పట్టించాలి? పల్లీ నూనె రాస్తే కొన్నాళ్లకు ముక్కవాసన వస్తున్నది.
— కరీంనగర్

పల్లీ, కొబ్బరి నూనెలు ఆరవు, లోపలే ఉండి ముక్కిపోతాయి. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ నాలుగు పాళ్లు, తేనెమైనం ఒక పాలు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి కలపండి. పొయ్యి మీద నేరుగా వద్దు. గోరువెచ్చగా రాసి, రాత్రంతా ఉంచి తుడిచేయండి. నెలా రెండు నెలలకోసారి మళ్లీ రాయాలి. గట్టి పూత కావాలంటే పచ్చి అవిసె నూనె పలచగా మూడు సార్లు, ఒక్కో పూతకు వారం ఎడం ఇవ్వండి. పెయింటు షాపుల్లో అమ్మే ఉడికించిన అవిసె నూనెలో ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు, వంటసామానుకు వద్దు. అవిసె నూనె ఏదైనా, తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి దానంతటదే అంటుకుంటుంది. పరిచి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో వేయండి.